యాభైకి నాలుగు

హైస్కూలు పిల్లలకు కంప్యూటర్ నేర్పడం పద్దెనిమిదేళ్ళుగా నా పని. ఇన్నేళ్ళలో నేను ఒక్కసారి కూడా గెలవని యుద్ధం స్పేస్ బార్‌తోనే. ఉత్తరంలో తేదీ కుడివైపు రావాలంటే దానికో బటన్ ఉందని, ఒక్కసారి నొక్కితే చాలని తొమ్మిదో తరగతిలో చెబుతాను, పదిలో మళ్ళీ చెబుతాను. అందరూ బుద్ధిగా తలలూపుతారు. ఊపిన మరుక్షణం బొటనవేలితో స్పేస్ బార్‌ను టకటకా కొట్టి తేదీని కుడి అంచుదాకా తోసుకుపోతారు. ఆ తర్వాత పైన ఒక్క మాట మారిస్తే చాలు, అది కింది వరుసలోకి జారుతుంది. "మేడం, తేదీ పడిపోయింది" అని అరుస్తారు, నేనే వెళ్ళి దాన్ని తోసినట్టు.

మా ల్యాబు ఒకప్పుడు విరిగిన బెంచీలు పడేసే గది. పదహారు కంప్యూటర్లు, ముప్పై రెండు మంది పిల్లలు. పరీక్షలప్పుడు తప్ప ఒక్కో తెర ముందు ఇద్దరేసి కూర్చుంటారు, ఒకడు మౌస్ పట్టుకుంటే ఇంకొకడు సలహాలిస్తాడు. కీబోర్డుల మీద అక్షరాలు సగం అరిగిపోయాయి. కిటికీ పక్కనున్న రెండు తెరల మీద ఎండ పడి నాకు ఏమీ కనబడదు కాబట్టి ఆ రెండింటి కోసం రోజూ కొట్లాటే. స్లైడ్లు చేయమంటే అక్షరాలు గిరగిరా తిరుగుతూ, చప్పట్ల చప్పుడుతో దిగుతాయి. ఆ చప్పట్లు వినీ వినీ నాకు తలనొప్పి వచ్చేది.

వచ్చేది అంటున్నాను. నిరుడు ఇదే సమయానికి వీటన్నిటికీ నాకు ఒళ్ళు మండేది. ల్యాబులో నా గొంతు పక్కనున్న సైన్సు గదిలోకి వినబడుతుందని సైన్సు మాస్టారు వాపోయేవారు. నాలుగు నెలలుగా ఆయనకా బాధ లేదు.

నాలుగు నెలల కిందట మా చెల్లి పోయింది. ఆస్పత్రిలో చూపించిన చోటల్లా సంతకాలు పెట్టాను. వచ్చినవాళ్ళకు కుర్చీలు వేశాను. వారం తిరక్కుండా బడికి వచ్చి తొమ్మిదో తరగతికి ఎక్సెల్‌లో సగటు ఎలా కట్టాలో చెప్పాను. "ఎంత గుండె నిబ్బరం!" అన్నారు అందరూ. నిబ్బరమూ కాదు, పాడూ కాదు. పన్ను పీకేముందు చిగుళ్ళకు సూది మందు ఇస్తారు కదా, ఆ తర్వాత బుగ్గ కొరుక్కున్నా తెలియదు. నాకు ఒళ్ళంతా అలాగే ఉంది.

చెల్లి కూతురు అప్పటినుంచి నా దగ్గరే ఉంటోంది. దాని తండ్రి అది నడక నేర్చిన ఏడాదే వేరే కాపురం పెట్టుకున్నాడు, ఆయన ఊసు మా ఇంట్లో ఎత్తం. పిల్ల చదివేది మా బడిలోనే, నేను చెప్పే పదో తరగతిలోనే. బడిలో నన్ను అందరిలాగే మేడం అంటుంది. ఇంట్లో పెద్దమ్మా అనాలి. మొదటి మూడు నెలలూ ఏమీ అనలేదు. పెట్టింది తిని, కంచం కడిగి, గోడవైపు తిరిగి పడుకునేది. నేనూ నోరు మెదపలేదు. ఒకే ఇంట్లో ఇద్దరు అద్దెకున్నవాళ్ళలా గడిపాం.

తర్వాత ఒక మూడు వారాలుగా పిల్లలో ఉన్నట్టుండి మార్పు వచ్చింది. బడి వదిలాక గేటు దగ్గర నాకోసం ఆగడం మొదలుపెట్టింది. దారి పొడుగునా క్లాసు కబుర్లు చెప్పేది. ఇంటికి వెళ్ళగానే నా చేతిలో సంచీ తీసుకుని, "నువ్వు కూర్చో పెద్దమ్మా, నేను చూసుకుంటాలే" అనేది. వచ్చే ఏడు మా బడిలోనే ఇంటర్‌లో కంప్యూటర్ గ్రూపు తీసుకుంటానని ఫారం నింపి, ఫొటో అంటించి, తడి ఆరేదాకా దాని మీద నిఘంటువు పెట్టి ఉంచింది. ఈ మార్పు ఎందుకొచ్చిందని నేను అడగలేదు. మంచిదే కదా అనుకున్నాను, అనుకుని ఊరుకున్నాను.

ఒక బుధవారం ఆఖరి పీరియడ్ అయిపోయాక మిషను వచ్చి నా బల్ల ముందు నిలబడింది. మిషను అనేది పిల్లలు పెట్టిన పేరు. వాళ్ళ నాన్న దర్జీ. ఈ పిల్ల టైపు కొడుతుంటే ఆయన కుట్టు మిషను నడిచినట్టే ఉంటుంది, తల ఎత్తదు, వేళ్ళు ఆగవు. నా చేతికింద ఇన్నేళ్ళలో తేదీ కుడివైపుకు మొదటిసారే బటన్‌తో పంపినవాళ్ళు అయిదారుగురుంటారు. వాళ్ళలో ఇదొకతె.

"మేడం, ఒక మాట అడగొచ్చా? మార్కులు పెంచమని కాదు."

"మరి దేనికి?"

"ప్రాక్టికల్స్‌లో నాకు యాభైకి నాలుగొచ్చాయి కదా. ఎక్కడ తప్పు చేశానో చెప్తే మళ్ళీ చెయ్యకుండా ఉంటాను."

ఇరవై దాటకపోతే వచ్చే ఏడు కంప్యూటర్ గ్రూపు ఇవ్వరు. ఫారాలు శుక్రవారం సాయంత్రానికల్లా ఆఫీసులో ఇచ్చేయాలి. మిషను చేతిలో ఫారం ఉంది, గ్రూపు రాయాల్సిన గడి ఖాళీగా ఉంది.

"మా నాన్న వేరేది రాసెయ్యమన్నారు మేడం. నాలుగొచ్చినదాన్ని పట్టుకుని ఎందుకు వేలాడతావ్ అన్నారు."

"మార్కులు ఇచ్చి మూడు వారాలైంది. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావు?"

మిషను ఫారం అంచు మడతపెట్టింది. "మీ ఇంట్లో అలా జరిగింది కదా మేడం. అడగాలంటే అదోలా అనిపించింది. మా అమ్మ కూడా ఇప్పుడే వద్దులే అంది."

నేను పరీక్ష ఫైళ్ళు దాచిన ఫోల్డర్ తెరిచి ఆ పిల్ల ఉత్తరం తీశాను. పేజీ చుట్టూ అంచు, మధ్యలో శీర్షిక, చక్కగా మూడు గడుల పట్టిక, ఎక్కడా ఒక్క స్పేసు ఎక్కువ లేదు. దానికి నాలుగు మార్కులు ఎవరు వేస్తారు, కళ్ళు కనబడేవాళ్ళు? "రేపు చెబుతాను, నువ్వు వెళ్ళు. ఫారంలో మాత్రం ఇంకేమీ రాయకు" అని పంపేశాను.

తర్వాత మార్కుల షీటు తెరిచాను. చూడగానే తెలిసింది.

ఏటా నేను పిల్లలకు ఒక పీరియడ్ మొత్తం ఈ ఒక్క తప్పు గురించే చెబుతాను. షీటులో ఒక వరుసలో పేర్లు, పక్క వరుసలో మార్కులు ఉంటాయి. పేర్లను అక్షర క్రమంలో పెట్టాలనుకుంటే పేర్లొక్కటే పట్టుకుని కదపకూడదు. పక్కనున్న మార్కులను కూడా కలిపి కదపమంటావా అని కంప్యూటరే మర్యాదగా అడుగుతుంది. అవును అనాలి. వద్దంటే పేర్లు కదిలిపోతాయి, మార్కులు ఉన్నచోటే కూర్చుంటాయి. ఒకరి తల ఇంకొకరి మొండెం మీదికి వస్తుంది. ఇది చెప్పి, బోర్డు మీద ఒక తలా ఒక మొండెం బొమ్మ కూడా వేస్తాను. పిల్లలు నవ్వుతారు. మూడు వారాల కిందట ఆఫీసువాళ్ళు పేర్లు అక్షర క్రమంలో కావాలన్నారు. కంప్యూటర్ అడిగింది. నేను వద్దన్నాను. ఏ బటన్ నొక్కుతున్నానో చూసిన గుర్తు కూడా లేదు.

దిద్దుతున్నప్పుడు రోల్ నంబర్ల వరుసలో మార్కులు రాసుకున్న కాగితం సొరుగులో ఉంది. అది పక్కన పెట్టుకుని మళ్ళీ సరిచేశాను. దాదాపు అందరికీ ముప్పైకీ నలభై ఎనిమిదికీ మధ్యే వచ్చాయి కాబట్టి ఎవరికీ పెద్ద తేడా తెలియలేదు. రెండు ఎక్కువ వచ్చినవాడు నోరు మూసుకున్నాడు, రెండు తక్కువ వచ్చినవాడు ఇంట్లో తిట్లు తిని ఊరుకున్నాడు. మిషనుకు నిజంగా వచ్చినవి నలభై ఎనిమిది. మొత్తం క్లాసులో నాలుగు వచ్చింది ఒక్కరికే. పదిహేడో నంబరు. మా చెల్లి కూతురు.

మూడు వారాల కిందట ఇచ్చిన జాబితాలో దాని పేరు పక్కన నలభై ఆరు ఉంది.

ఇన్ని మార్కులు ఎలా పోయాయా అని పిల్ల ఫైలు తెరిచాను. పేజీ పైన కుడివైపు తేదీ, బటన్‌తోనే పెట్టింది. దాని కింద ఎడమవైపు "అమ్మకు," అని ఉంది. ఆ తర్వాత ఏమీ లేదు. కింద పేజీ అంతా తెల్లగా ఉంది.

ప్రశ్నపత్రం తీసి చూసుకున్నాను. బడి వార్షికోత్సవానికి రమ్మని పిలుస్తూ మీ అమ్మకు ఒక పేజీ ఉత్తరం రాయండి. శీర్షిక, తేదీ, కార్యక్రమాల పట్టిక, పేజీ చుట్టూ అంచు ఉండాలి. ఇదే ప్రశ్న నేను ఆరేళ్ళుగా ఇస్తున్నాను. ఏటా పాత ఫైలు తెరవడం, పైన సంవత్సరం మార్చడం, ప్రింటు తీయడం. ఈసారీ అదే చేశాను. చెల్లి పోయి అప్పటికి మూడు నెలలు.

పరీక్ష జరిగిన నలభై అయిదు నిమిషాలూ నేను ఆ గదిలోనే ఉన్నాను. వరుసల మధ్య తిరిగాను, పిల్ల కుర్చీ వెనకనుంచి రెండు మూడుసార్లైనా వెళ్ళి ఉంటాను. "అయిదు నిమిషాలే ఉంది, సేవ్ చేసుకోండి" అని గట్టిగా చెప్పాను. అది సేవ్ చేసింది. రెండ్రోజుల తర్వాత నేను ఆ ఫైలు తెరిచి, నాలుగు వేసి, పద్దెనిమిదో నంబరుకు వెళ్ళాను.

తెర ముందు కూర్చుని నాలో ఏదైనా జరుగుతుందేమోనని ఎదురుచూశాను. నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నాను. ఆ సంగతికి మాత్రం భయం వేసింది. నాలుగు నెలల్లో నాకు వేసిన మొదటి భయం అది.

మిషను మార్కులు సరిచేసి, పిల్లవి అలాగే వదిలేయొచ్చు. అడిగేవాళ్ళు లేరు. ప్రశ్న తప్పు నాదే కాబట్టి అదే న్యాయం అని కూడా సర్దిచెప్పుకోవచ్చు, అరగంటసేపు సర్దిచెప్పుకున్నాను కూడా. కానీ అలా చేయాలంటే ఆ తెల్లటి పేజీ పక్కన నా చేత్తో నలభై ఆరు అని టైపు చేయాలి. మొదటిసారి వేసింది నేను కాదు, కంప్యూటర్. ఈసారి నేను వేయాలి. చెయ్యి రాలేదు.

గురువారం పొద్దున్నే పెద్ద మేడం గదికి వెళ్ళాను. ఆమె మా బడికి హెడ్మిస్ట్రెస్, వచ్చే ఏడు రిటైరవుతారు. పాత జాబితా, కొత్త జాబితా రెండూ పక్కపక్కన పెట్టి జరిగింది చెప్పాను. ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"మీరా ఈ తప్పు చేసింది? వేరే ఎవరైనా చేస్తే మీ దగ్గరికే పంపేదాన్ని కదా, నేర్చుకురమ్మని."

"నేనే మేడం."

"సరే, ఇంకా ఫారాలు తీసుకోలేదు కాబట్టి బతికిపోయాం. రేపు పొద్దున కొత్త జాబితా బోర్డులో పెట్టండి. ఆ దర్జీ గారమ్మాయికి ఈరోజే చెప్పండి."

"ఇంకొకటి అడగాలి. మా పిల్లకు వేరే ప్రశ్నతో మళ్ళీ పరీక్ష పెట్టించండి. నేను గదిలోకి రాను, దిద్దను. సైన్సు మాస్టారు చూసుకుంటారు." ప్రశ్నపత్రం ఆమె ముందుకు జరిపాను.

ఆమె చదివారు. "అయ్యో" అన్నారు. తర్వాత హెడ్మిస్ట్రెస్ అయ్యారు. "నాకు అర్థమైంది. కానీ టీచరు సొంత చెల్లెలి కూతురికి విడిగా పరీక్ష పెట్టామంటే రేపు మిగతా ముప్పై ఒక్కమంది తల్లిదండ్రులూ నా గుమ్మంలో ఉంటారు."

"ఆ ముప్పై ఒక్కమందీ అమ్మకు ఉత్తరం రాయగలిగారు మేడం."

"తెలుసండీ. రూలు నేను రాసింది కాదు. ఏడాది ఆగితే మళ్ళీ రాసుకోవచ్చు. ఈలోపు వేరే గ్రూపులో చేరనివ్వండి." ఆమె కళ్ళజోడు పెట్టుకున్నారు. నేను కాగితాలు తీసుకుని వచ్చేశాను.

మధ్యాహ్నం మిషనును పిలిచి చెప్పాను. "అయితే నేనేం తప్పు చెయ్యలేదా?" అంది. లేదన్నాను. "అస్సలా?" అంది. అస్సలు లేదన్నాను. నా బల్ల మీదే ఫారం పెట్టి, గ్రూపు గడిలో పెద్దక్షరాలతో రాసింది. గుమ్మందాకా వెళ్ళి ఆగి, "మరి ఆ నాలుగు ఎవరివి మేడం?" అని అడిగింది. క్లాసుకు వెళ్ళమన్నాను. సాయంత్రానికి విషయం క్లాసంతా పాకిపోయింది.

ఆరోజు నాకు స్టాఫ్ మీటింగు ఉండడంతో పిల్ల ముందే ఇంటికి వెళ్ళింది. నేను వెళ్ళేసరికి మంచం మీద ఉతికిన బట్టల కుప్ప ముందు కూర్చుని మడతపెడుతోంది. బయట ఇంకా వెలుగుంది. నేను చెప్పులు విడిచి కుర్చీ లాక్కున్నాను.

"మిషనుకి వచ్చిన మార్కులు తప్పంట కదా పెద్దమ్మా? క్లాసులో ఒకటే గోల. ఎవరివో దానికి పడ్డాయంట. ఎవరివి?"

"నీవి."

దాని చేతిలో నా కుర్తా ఉంది. ఆ కుర్తా చేతులు రెండూ మడిచి, మళ్ళీ విప్పింది.

"అంటే నాకు నలభై ఆరు నువ్వు వెయ్యలేదా?"

"లేదు. అవి ఇంకొకళ్ళవి. పొరపాటున నీ పేరు పక్కకి వచ్చాయి. రేపు బోర్డులో సరైనవి పెడతారు. నీ గ్రూపు పోతుంది. మళ్ళీ పరీక్ష పెట్టమని అడిగాను, కుదరదన్నారు."

ఏడుస్తుందనుకున్నాను, అరుస్తుందనుకున్నాను. రెండూ చేయలేదు. కుర్తా కేసి చూస్తూ నెమ్మదిగా మాట్లాడింది.

"నువ్వు నా పేజీ చూసి, అప్పుడు ప్రశ్న చూసుకుని బాధపడ్డావనుకున్నా. సారీ చెప్పడం నీకు రాదు కదా, అందుకని అలా మార్కులు వేశావనుకున్నా. ఎవరికీ చెప్పకూడదులే అని నేను కూడా నిన్ను అడగలేదు."

మూడు వారాలుగా గేటు దగ్గర ఎందుకు ఆగుతోందో, నా సంచీ ఎందుకు అందుకుంటోందో అప్పుడు తెలిసింది. నేను చేయని పనికి నన్ను క్షమించి, నాతో కలిసి నడిచింది ఈ పిల్ల.

"మార్కులు పోతే పోయాయి. వేరే గ్రూపు చదువుకుంటా. కానీ నువ్వు చూశావనుకున్నా పెద్దమ్మా. అంతే."

"చూశాను" అన్నాను. అబద్ధం చెప్పే ఓపిక లేదు. "చూసి, నాలుగు వేసి మూసేశాను. నాకేమీ అనిపించలేదు. ప్రశ్న ఏమిటో కూడా నిన్న సాయంత్రం దాకా నాకు తట్టలేదు."

పిల్ల తల ఎత్తి నన్ను పరీక్షగా చూసింది. కోపం లేదు ఆ చూపులో. నేను నిజం చెబుతున్నానో లేదో చూసుకుంది, అంతే.

"నాక్కూడా ఏమీ అనిపించలేదు, ఆరోజు" అంది. "ఏడుపు వస్తే బాగుండనిపించింది. రాలేదు. ఊరికే కూర్చున్నా." కుర్తా బొత్తాం తిప్పుతూ అడిగింది. "అవునూ, ఏమీ రాయలేదు కదా, ఆ నాలుగూ దేనికేశావ్?"

"ఫైలుకి పేరు సరిగ్గా పెట్టావు, దానికొకటి. తేదీ బటన్‌తో కుడివైపు పెట్టావు, దానికొకటి."

"ఇంకో రెండు?"

"సంబోధనకి."

"అమ్మకు అని రాసినందుకు రెండా?"

"రెండు."

"కామా కూడా పెట్టాను" అంది. అని, నవ్వబోయింది. ఆ నవ్వు సగంలో మొహం ముడుచుకుపోయి, చేతిలోని నా కుర్తాలో తల దూర్చేసి, వెక్కుతూ "అమ్మా" అంది, నన్ను కాదు.

అచ్చం మా చెల్లి గొంతు అది. చిన్నప్పుడు దెబ్బ తగిలి ఏడుస్తూ ఇంట్లోకి వచ్చినప్పుడు మా చెల్లి గొంతు అలాగే ఉండేది. నేను కుర్చీలోంచి ఎప్పుడు లేచానో, మంచం మీద ఆ బట్టల మధ్య ఎప్పుడు కూలబడ్డానో తెలియదు. మా చెల్లి చచ్చిపోయింది. నాలుగు నెలలుగా అందరికీ నేనే చెబుతూ వచ్చిన ఆ మాట, ఆ సాయంత్రం నాకు ఎవరో వచ్చి చెప్పినట్టయింది. పిల్లను పట్టుకుని, గుక్క తిప్పుకోకుండా, దానికంటే పెద్దగా ఏడ్చాను.